మూడో సొరంగం పెరుగు

పెద్ద పగలు, రెండో నిద్ర లేచాక

ఈ పలక షెడ్డువాళ్ళు ఇచ్చారు, రోజూ ఏదో ఒకటి రాయమని. ఈ చందమామ మీద ఒక్క పగలే పద్నాలుగు నిద్రలుంటుంది కాబట్టి తేదీకి బదులు నిద్రలు లెక్కపెట్టి రాయాలట. నోటితో చెబితే రాసుకునే యంత్రాలుండగా నా చేత రాయించడమెందుకన్నాను. నోటితో చెబితే అసలు సంగతి వదిలేసి మమ్మల్ని తిడుతున్నారు అమ్మమ్మా, రాస్తే నెమ్మదిస్తారు, అంది ప్రణవి. నేను ఐదో తరగతి దాకా చదివాను. రాయడం వచ్చు. రాస్తూ కూడా తిట్టొచ్చని ఆ పిల్లకి తెలిసినట్టు లేదు.

ప్రణవి అంటే షెడ్డులో పెద్ద. పెద్ద అంటే పాతికేళ్ళు ఉంటాయేమో. ఆ పిల్లా, క్రాంతికుమార్ అని ఇంకో ఇంజనీరు కుర్రాడూ కలిసి ఆ షెడ్డులో కంపెనీ పెట్టారు. వాళ్ళు కనిపెట్టింది పెరుగు. ఆ మాట విని మా తమ్ముడు సింహాద్రి అన్నం ముందు కూర్చుని ఒకటే నవ్వు. "రేపు వీళ్ళు మజ్జిగ కూడా కనిపెడతారు అప్పా, చూస్తూండు" అన్నాడు. మా విజయనగరం వైపు అక్కని అప్ప అంటాం. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా వాడా పిలుపు మార్చలేదు.

నవ్వితే నవ్వాడు గానీ ఆ పెరుగు తినబట్టే వాడు మనిషయ్యాడు. వాడు సొరంగాలు తొలిచే పనిలో బతుకంతా గడిపాడు. చందమామ దుమ్ము భూమ్మీద దుమ్ములాంటిది కాదు, గాజు నూరినట్టుంటుంది, లోపలికెళ్ళిందంటే ఊపిరితిత్తుల్ని గీరేస్తుంది. పని దిగి వచ్చినవాళ్ళ బట్టలు దీపావళి మర్నాటి వీధిలా వాసనేస్తాయి. నేను తలుపు సందులన్నీ తడిగుడ్డతో ఒత్తి తుడుస్తాను, అయినా చిమ్ముతూనే ఉంటుంది. వాడు పడుకుంటే ఊపిరాడేది కాదు. బల్ల మీద తల ఆన్చి, కూర్చునే నిద్రపోయేవాడు. కూర్చుని నిద్రపోయే మనిషిని చూస్తూ ఇంకో మనిషి నిద్రపోగలదా? ఆ పెరుగు మొదలుపెట్టాక నెమ్మదిగా ఒక వైపుకి ఒరిగాడు, ఆ తర్వాత రెండు దిండ్లు, ఇప్పుడు ఒక్క దిండుతో వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతున్నాడు. ఆ గుర్రు వినబడకపోతే నాకు భయం. వినబడితే మరీ గట్టిగా వస్తోందేమని భయం.

షెడ్డులో వారానికో కప్పు ఇస్తారు. అది మందు తోడు. ఇక్కడ యంత్రం తొట్టిలో తయారయ్యే పాలు కాచి, గోరువెచ్చగా చేసి, అందులో ఒక చెంచా వేస్తే తెల్లారేసరికి గడ్డ పెరుగు. దాంతో మళ్ళీ తోడేసుకోవచ్చు, కానీ నాలుగైదు తోడ్లు తిరిగేసరికి మందు గుణం చచ్చిపోయి మామూలు పులిసిన పెరుగైపోతుంది. అప్పుడు కొత్త కప్పు కావాలి. అందుకే వారం వారం వెళ్ళి తెచ్చుకుంటాను.

ఇవాళ పోపు వేస్తూంటే ఆవాలు ఎగిరి పైకప్పుకి తగిలి తీరిగ్గా కిందకి దిగాయి. ఇక్కడ ఏదీ తొందరగా కింద పడదు. పక్కింటి గౌరమ్మ గిన్నె పట్టుకుని వచ్చి ఆ ఆవాలన్నీ దిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. తోడు కోసం వచ్చింది. ఇచ్చాను.

పెద్ద పగలు, ఐదో నిద్ర లేచాక

క్రాంతికుమార్ మా సొరంగంలో ఇల్లిల్లూ తిరిగాడు. మీరు మా కప్పు వాడుతున్నారా అని అడగడానికి. వస్తువు చేసేవాడు వాడేవాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళి మాట్లాడాలని వాళ్ళ చదువులో ఉందట. మంచి మాటే. కానీ ఆ కుర్రాడు గుమ్మం దాటి లోపలికి రాడు. మంచినీళ్ళు పుచ్చుకోడు. పలక చూసి అడుగుతాడు, పలక మీద గీస్తాడు, పోతాడు.

గౌరమ్మని అడిగితే, లేదు బాబూ, మేం పైడమ్మ పెరుగు తింటాం, అందట. ఎదురింటివాళ్ళూ అదే మాట. చివరి ఇంటి దాకా అదే మాట. సాయంత్రం కుళాయి దగ్గర అందరూ ఇదే చెప్పుకుని నవ్వుకున్నాం. నాకు కాస్త గొప్పగా కూడా అనిపించింది, ఎందుకు దాచుకోవాలి. నా చేత్తో తోడు పడితే కత్తితో కోసినట్టు తోడుకుంటుందని మా సొరంగంలో పేరు. తోడుకి చెయ్యి మంచిదవ్వాలి. చెయ్యి మంచిది కాకపోతే పాలు అలిగినట్టు నీళ్ళొదిలేస్తాయి.

అదీగాక షెడ్డుకి ఎవరు వెళతారు? అక్కడ వేలిముద్ర, గొట్టంలో ఊదడం, ఎంత తిన్నావు ఎప్పుడు తిన్నావు ఎలా అనిపించిందని ప్రశ్నలు. పెరుగు తింటే ఎలా అనిపిస్తుంది? పెరుగు తిన్నట్టు అనిపిస్తుంది. అందుకని నాతో కలిపి నలుగురమే వెళ్ళి తెస్తాం. మిగతావాళ్ళు గిన్నెలతో మా ఇళ్ళకి వస్తారు. తోడు అడిగితే లేదనకూడదు. మా అమ్మ గిన్నె అడుగు వేలితో తుడిచైనా ఇచ్చేది.

పెద్ద పగలు, తొమ్మిదో నిద్ర లేచాక

కోపంతో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే అది షెడ్డువాళ్ళ తప్పే.

కప్పు కోసం వెళ్ళాను. షెడ్డులో గంట మోగుతోంది. అందరూ చప్పట్లు. ఎవరికో పిల్లాడు పుట్టాడనుకున్నాను. ఒకమ్మాయి నా చేతిలో లడ్డూ పెట్టింది. ఏమిటమ్మా విశేషమంటే, పెరుగు ఆలోచన ఆపేశాం అమ్మమ్మా, అంది.

సరిగా వినలేదనుకుని మళ్ళీ అడిగాను. విన్నది సరిగానే విన్నాను. ఈ షెడ్డువాళ్ళ ఆచారమట, ఏదైనా పనికిరాదని తేలితే ఏడవకుండా గంట కొట్టి మిఠాయి పంచుకుంటారు. ఎంత తొందరగా ఓడిపోతే అంత తొందరగా నేర్చుకుంటారట. ఇకనుంచి వాళ్ళు చేసేది హెల్మెట్ అద్దానికి అతికించే రేకట. మనిషి సంతోషంగా ఉంటే పచ్చగా, విసుగ్గా ఉంటే ఎర్రగా మారుతుందట. విసుగొస్తే ఎదుటివాడికి తెలియడానికి రేకెందుకు, ముఖం లేదా?

కప్పు ఏదని అడిగాను. అయిపోయాయి, ఇదివరకటివి కూడా పారబోసేశాం అన్నారు. ప్రణవి కనబడలేదు.

లడ్డూ పారేద్దామనుకున్నాను. పంచదార భూమి నుంచి రావాలి, పారెయ్యబుద్ధి కాలేదు. ఇంటికి తెచ్చాను. సింహాద్రి సగం ఒకేసారి నోట్లో వేసుకుని, ఎవరి పెళ్ళి అప్పా అన్నాడు. వాడికేం చెప్పను? నీ ఊపిరి పోయినందుకు పంచారురా అని చెప్పనా?

పెద్ద పగలు, పదో నిద్ర లేచాక

నిద్రపోలేదు, అయినా వాళ్ళు పెట్టిన లెక్క ప్రకారం నిద్ర లేచినట్టే రాయాలి.

ఇంట్లో ఉన్న పెరుగు ఇంకో రెండు తోడ్లకి వస్తుంది. ఆ తర్వాత? వాడు మళ్ళీ బల్ల మీద తల ఆన్చుకుంటాడు. ఈసారి ఆ బల్ల మీంచి లేస్తాడో లేదో. కాలం మనది కాదు, నా వయసు నాది, నేను ముందు పోతే వాడికి నీళ్ళిచ్చేదెవరు, వాడు ముందు పోతే నేను ఎవరి గుర్రు వింటాను? ఇలా ఆలోచించుకుంటూ పాలు పొంగించేశాను. ఇక్కడ పొంగిన పాలు గోడెక్కి పాకుతాయి. గోడ తుడిచి, ఆ గుడ్డ అక్కడే పడేసి షెడ్డుకి వెళ్ళాను.

ప్రణవి నన్ను చూసి లేచి నిలబడింది. మర్యాద తెలిసిన పిల్లే, అబద్ధమాడకూడదు. కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "అమ్మమ్మా, ముప్ఫై ఇళ్ళలో నాలుగిళ్ళే వస్తున్నాయి. మొదటి వారం అందరూ వచ్చారు, ఆ తర్వాత మానేశారు. మనుషులకి అక్కర్లేని వస్తువుని పట్టుకుని వేలాడితే కంపెనీ బతకదు."

"అక్కర్లేదని నీకెవరు చెప్పారు?"

"క్రాంతి ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. వాడట్లేదన్నారు."

"వాడికి పైడమ్మ పెరుగు తింటున్నామని కూడా చెప్పారుగా?"

"చెప్పారు. అంటే మామూలు ఇంటి పెరుగే ఇష్టమన్నమాట."

"పైడమ్మ నేనేనే తల్లీ. నా పెరుగుకి తోడెక్కడిదనుకున్నావు?"

నేను చెప్పుకుంటూ పోయాను. కప్పు తెచ్చేది నలుగురం, తినేది సొరంగమంతా. గౌరమ్మ మనవరాలికి రాత్రి దగ్గు పోయింది. చివరింటి నూకరాజు మళ్ళీ పనిలోకి వెళుతున్నాడు. మా తమ్ముడు వెల్లకిలా పడుకుంటున్నాడు. ఒకడొచ్చి గుమ్మంలో నిలబడి, ఇంట్లో అడుగుపెట్టకుండా, గిన్నె మూత తియ్యకుండా, అక్కర్లేదని రాసుకుపోతే అది నిజమైపోతుందా? మీరు కూర్చున్న ఈ గది గోడ ఎవరు తొలిచారో తెలుసా, దాని దుమ్మంతా ఎవరి గుండెల్లో ఉందో తెలుసా?

ప్రణవి కళ్ళు తుడుచుకుంది. పక్క బల్ల దగ్గర క్రాంతి మాత్రం ముఖమంతా వెలిగిపోతూ లేచి వచ్చాడు. అయితే మన పెరుగు పనిచేస్తోందన్నమాట, అందరికీ కావాలన్నమాట అన్నాడు. భూమ్మీద పెట్టుబడి పెట్టినవాళ్ళతో ఇవాళే మాట్లాడతామన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు నా కాళ్ళు నేల మీద లేవు. ఇక్కడ ఎవరివీ సరిగ్గా ఉండవు గానీ, అది వేరు.

పెద్ద పగలు, పన్నెండో నిద్ర లేచాక

పెరుగు ఆపట్లేదు. మళ్ళీ చేస్తున్నారు. మా సొరంగమంతా సంబరపడ్డాం. నేను ఒకపూట పూర్తిగా భయపడకుండా ఉన్నాను. ఉండకూడదని తెలుసుకున్నాను.

నిన్న కొత్త కప్పులు తెచ్చారు. మనిషికొకటి, రోజుకొకటి, పైన రేకు అంటించి. తినెయ్యడమే, పాలు కాచే పనీ లేదు. బాగానే ఉందనుకుని ఒక చెంచా మిగిల్చి పాలలో వేశాను. చూస్తే నీళ్ళూ విరుగూ. చెయ్యి చెడిందేమో అనుకున్నాను. గౌరమ్మ వేసినా అంతే. చివరికి క్రాంతినే అడిగాను. ఆ కుర్రాడు దాచలేదు, గొప్పగానే చెప్పాడు. ఇది ఒకసారి తోడుకుంటుంది అమ్మమ్మా, దీంతో ఇంకోసారి తోడుకోకుండా చేశాం. లేకపోతే ఒక్క కప్పుతో ముప్ఫై ఇళ్ళు గడిచిపోతే ఎంతమంది తింటున్నారో మాకెలా తెలుస్తుంది, మా కంపెనీ ఎలా నడుస్తుంది?

అంటే మళ్ళీ తోడుకోని పెరుగు. నా బతుకులో ఇన్ని చోట్ల తిరిగాను, ఎవడి చావుకి వెళ్ళినా, ఎవడి ఇల్లు కాలినా, పెరుగు తోడు దొరకని ఊరు చూడలేదు. గొడ్డుబోయిన పెరుగు చేసి దానికి రేకు అంటించి, అదేదో పైమెట్టు అంటున్నారు.

సరే, అది కూడా మింగుదాం. ఇకమీదట కప్పు కావాలంటే ఇంటికొకరు కాదు, ప్రతి మనిషీ షెడ్డుకొచ్చి పేరు రాయించుకుని గొట్టంలో ఊదాలి. సింహాద్రిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. దారిలో రెండు చోట్ల ఆగాడు. ఊదాడు. గొట్టానికున్న సూది లేచి, ఎర్రగీత దాకా రాకుండా కూలబడింది. మళ్ళీ ఊదమన్నారు. మళ్ళీ కూలబడింది. క్రాంతి తల గోక్కుని, తాతగారికి కుదరదమ్మా అన్నాడు. గీత కింద ఉన్నవాళ్ళని చేర్చుకోవట్లేదట. ఊపిరి మరీ పాడైనవాళ్ళకి మందు కొంచెమే పనిచేస్తుంది, వాళ్ళని కలిపితే పెరుగు పనిచెయ్యనట్టు కనబడుతుంది, పెట్టుబడివాళ్ళు చూసేది సగటే అన్నాడు.

జబ్బు తక్కువున్నవాళ్ళకి మందిస్తారట, ఎక్కువున్నవాడికి ఇవ్వరట. ఇంతవరకు మా తమ్ముడు నా గిన్నెలోది తిని బాగుపడ్డాడు కాబట్టి వాడు వాళ్ళ లెక్కలో లేడు. లేనివాడు బాగుపడితే ఏమి, పడకపోతే ఏమి.

నేను నోరు విప్పబోయాను, సింహాద్రి ఆపాడు. "పోనీలే అప్పా. బడిలోనే తప్పాను, ఊపిరి పరీక్షలో తప్పడం ఎంత?" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు వల్ల వచ్చిన దగ్గు ఇంటికొచ్చేదాకా ఆగలేదు.

పెద్ద చీకటి, రెండో నిద్ర లేచాక

బయట సూర్యుడు పోయాడు, ఇంకో పన్నెండు నిద్రలు రాడు. లోపల దీపాలున్నాయి కాబట్టి తేడా ఏం లేదు అంటారు. నాకుంది. చీకటి పడితే తలుపుల రబ్బర్లు బిగుసుకుని చప్పుడు చేస్తాయి, ప్రతి చప్పుడుకీ గాలి పోతోందేమోనని లేస్తాను.

పాత పెరుగు పూర్తిగా మామూలైపోయింది. సింహాద్రి రెండో దిండు అడిగాడు.

నా కప్పు వాడికిచ్చేస్తున్నాను. సగం తిని సగం నాకు తోస్తాడు. తిననంటే, నువ్వు పోతే నా మీద అరిచేదెవరంటాడు. ఇలా రెండు పూటలు ఒక కప్పుని అటూ ఇటూ తోసుకుంటూంటే గౌరమ్మ చూసింది. అన్నం వేళకి ఆవిడ మనవరాలు చిన్న గ్లాసులో రెండు చెంచాల పెరుగు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎదురింటినుంచి ఒక చెంచా వచ్చింది. తోడుకోదు కాబట్టి పెరుగే ఇస్తున్నారు, ఎవరి కప్పులోంచి వాళ్ళు తీసి. వద్దనలేదు నేను. వద్దనవలసిందేమో, వాళ్ళ పిల్లలకి తక్కువ పడుతుంది కదా. అయినా గిన్నె ముందుకు జరిపాను.

సొరంగం చివరిదాకా ఈ సంగతి పాకింది. ఇప్పుడు రోజూ ఏ వేళకి ఏ ఇంటినుంచి చెంచా వస్తుందో వాళ్ళలో వాళ్ళు సర్దుకున్నారు. మా తమ్ముడు దీన్ని పెళ్ళివారి విడిదిలా తీసుకున్నాడు. పెరుగు పుల్లగా ఉందని నూకరాజు పెళ్ళానికి వంక పెట్టాడు. ఆవిడ, తిననంటే చెప్పండి బావా, మా ఆయన తింటాడంది. ఆ తర్వాత వాడు వంకలు మానేశాడు.

పెద్ద చీకటి, ఎనిమిదో నిద్ర లేచాక

వాడు మళ్ళీ ఒక్క దిండుకి వచ్చాడు. ఇది ముందు రాయాలి, తర్వాతిది రాస్తే కోపంలో మర్చిపోతాను.

క్రాంతి వచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. మా సొరంగంలో అందరి ఊపిరి లెక్కలూ తక్కువొస్తున్నాయట. ఎవరికీ పెరగాల్సినంత పెరగలేదట. పెరుగులో లోపమని వాళ్ళు ఇన్నాళ్ళూ యంత్రాలన్నీ విప్పి చూసుకున్నారు. లోపమేం దొరక్క ఇటు వచ్చాడు. అతను మాట్లాడుతూండగానే ఎదురింటి చెంచా వచ్చింది, వెనకే ఇంకోటి. అతను ఆ గ్లాసుల వంక చూశాడు, సింహాద్రి వంక చూశాడు. అంతా అర్థమైంది.

కోప్పడతాడనుకున్నాను. బతిమాలాడు. అది ఇంకా కష్టం. ఎవరి కప్పు వాళ్ళే పూర్తిగా తినాలమ్మా, లేకపోతే లెక్క చెడిపోతుంది, రేపే భూమ్మీదవాళ్ళకి చూపించాలి, ఇలాగే ఉంటే మీ సొరంగం మొత్తాన్ని లెక్కలోంచి తీసేసి వేరే సొరంగానికి ఇస్తాం అన్నాడు. రేపు అందరూ ఊదేటప్పుడు, మా కప్పు మేమే తింటున్నాం అని వేలిముద్ర వెయ్యాలన్నాడు.

ముప్ఫై ఇళ్ళ కప్పులు పోతే ఆ పాపం ఎవరిది? నాదే. గౌరమ్మ మనవరాలి దగ్గు తిరగబెడితే నాదే. అతను వెళ్ళాక గౌరమ్మతో అన్నాను, ఇక చెంచాలు వద్దమ్మా, మేం ఎలాగో పడతాం అని. గౌరమ్మ గోడకి ఆనుకుని వక్క కొరుకుతూ విన్నది. "వాళ్ళకి రేపు కావలసినది ఏమిటి వదినా?" అంది.

ఊపిరి లెక్క అన్నాను.

"అది ఎవరి దగ్గరుంది?"

పెద్ద చీకటి, తొమ్మిదో నిద్ర లేచాక

అందరం షెడ్డుకి వెళ్ళాం. ముసలీ ముతకా, ఆడా మగా, అందరూ. వెళ్ళి గొట్టాల ముందు నేల మీద కూర్చున్నాం. ఎవరూ ఊదలేదు. ఎవరూ మాట్లాడలేదు. మా సొరంగం ఆడవాళ్ళు ఇంతసేపు నోరు మూసుకోవడం ఇదివరకెన్నడూ లేదని సింహాద్రి గొణిగితే గౌరమ్మ వాడి మోకాలు మీద ఒకటేసింది.

క్రాంతి ఒకొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. కదల్లేదు. పెట్టుబడివాళ్ళు కాసేపట్లో తెర మీదకి వస్తారు, లెక్క లేకపోతే కంపెనీ మూసేస్తారన్నాడు. అబద్ధం చెప్పట్లేదు. మూసేస్తే? నిజంగా మూసేస్తే, చెంచా కూడా ఉండదు కదా. వెళ్ళి ఊదేద్దామని లేవబోయాను కూడా. గౌరమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

ప్రణవి లోపలినుంచి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏం కావాలి అమ్మమ్మా?"

"వీడి పేరు రాయి."

"రాస్తే సగటు పడిపోతుంది. ఇవాళ వాళ్ళు చూసేది అదే."

"పడనీ. మా సగటులో వీడు ఉన్నాడు. వీణ్ణి తీసేసి మిగిలింది చూపిస్తే అది మా సొరంగం కాదు, ఇంకెవరిదో."

"అమ్మమ్మా, నేను గీత పెట్టింది మోసం చెయ్యడానికి కాదు. మొదట్లో ప్రతి కంపెనీ పెడుతుంది."

"అయితే ప్రతి కంపెనీకీ ఇదే చెబుతాను. గొట్టం ఇలా తే."

క్రాంతి, వద్దు, ఆలోచించు, అన్నాడు ఆ పిల్లతో. ఆమె అతని వంక చూసింది, తెర వంక చూసింది. అప్పటికే తెర మీద ఎవరో ఇద్దరు కుర్చీలు సర్దుకుంటున్నారు. లేచి గొట్టం తెచ్చి, తన కొంగుతో తుడిచి, సింహాద్రి నోటికి అందించింది.

వాడు ఊదాడు. సూది కదిలింది. గీత దాకా రాలేదు. కానీ పోయినసారి కూలబడ్డ చోటికంటే పైకి వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, అప్పుడు దిగింది. ఎవరూ ఊదమనకుండానే వాడు మళ్ళీ ఊదబోతే దగ్గొచ్చింది.

"పేరు?" అంది ప్రణవి, తెలిసి కూడా.

"సింహాద్రి. ఇంటిపేరు బొంతు. మూడో సొరంగం. ఈ గది నేనే తొలిచాను" అన్నాడు.

అంతా రాసుకుంది. కప్పు చేతిలో పెట్టింది. అప్పుడు గౌరమ్మ లేచి కొంగు దోపుకుని గొట్టం అందుకుంది, వెనక అందరూ వరసకట్టారు. లెక్కలన్నీ ఒక్కొక్కటే తెర మీదకి ఎక్కాయి. ఆ కుర్చీలవాళ్ళు మొహాలు చిట్లించుకోవడం ఇక్కడినుంచి కూడా కనిపించింది. ప్రణవి వాళ్ళతో ఏదో గట్టిగా చెబుతోంది. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఇంకో నెల చూస్తామన్నారట. అంతవరకు కప్పులుంటాయి.

చివరన నా వంతు వచ్చింది. గొట్టం చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే వెనకనుంచి ఒక అమ్మాయి పలకరించింది, కొత్తగా మా సొరంగంలోకి దిగిన కాపురమట. అత్తా, మీ చెయ్యి మంచిదట కదా, తోడు పెడతారా అని అడిగింది. చేతిలో చిన్న గిన్నె ఉంది. కడిగి, తుడిచి, మూత పెట్టి తెచ్చుకుంది.

లేదు తల్లీ, అన్నాను. ఇన్నేళ్ళ బతుకులో ఆ మాట నా నోటినుంచి రావడం అదే మొదలు. ఆ అమ్మాయి నొచ్చుకోకుండా తల ఊపి వెళ్ళిపోయింది. నొచ్చుకున్నా బాగుండేది.

గొట్టం ప్రణవి చేతిలో పెట్టేశాను. అందరి ఊపిరీ ఇచ్చాం, నాది మాత్రం మళ్ళీ తోడుకునే పెరుగు ఇచ్చిన రోజున తీసుకో అన్నాను. అలా చేస్తే మీ కప్పు ఆగిపోతుంది అమ్మమ్మా, అంది. తెలుసన్నాను.

ఇంటికొచ్చి తలుపు సందులు తుడిచాను. వాడు పక్క గదిలో పడుకున్నాడు. ఇప్పుడు రేపటి సంగతి ఆలోచిస్తున్నాను. నా కప్పు లేదు, నా గుండెల్లోనూ దుమ్ము ఉంది, నేను పడితే వాణ్ణి చూసేదెవరు, వాళ్ళు పంతానికి పోయి వాడి పేరు కొట్టేస్తే? భయం వేస్తోంది. వేస్తే వేసింది. ఊదను.